డాన్ లీనో గొంతు మిగిలే ఉంది

సంపాదకులకు నమస్కారం.

రెండు వారాల క్రితం ఆదివారం అనుబంధంలో హాస్యనటుల గురించి వచ్చిన వ్యాసం చదివినప్పటి నుంచి మనసు కుదురుగా లేదు. తర్వాతి ఆదివారం సవరణ వేస్తారని ఎదురుచూశాను. వేయలేదు. అందుకే రాస్తున్నాను.

పాటలు, హాస్యం ప్రదర్శించే లండన్ మ్యూజిక్ హాళ్లను ఏలిన హాస్యనటుడు డాన్ లీనో గురించి అందులో ఉన్నవి రెండే వాక్యాలు. రెండూ తప్పే. ఆయన చాప్లిన్‌ను అనుకరించి పేరు తెచ్చుకున్నాడట! 1904 అక్టోబరు 31న లీనో కన్నుమూసేనాటికి చాప్లిన్‌కు పదిహేనేళ్లు. ఎవరిని చూసి ఎవరు నేర్చుకుంటారు? ఇక ఆయన గొంతు ఎక్కడా మిగలలేదట. 1901 నుంచి 1903 దాకా ఆయన పాటలు, కబుర్లు కలిపి ఇరవైకి పైగా గ్రామఫోన్ కంపెనీ రికార్డు చేసింది. వాటిలో కొన్ని ఇవాళ ఫోనులోనే వినవచ్చు. రాసినవారు పది నిమిషాలు వెతికితే దొరికేవి.

వాటిలో 'మిసెస్ కెల్లీ' అనే కబురు వినండి. ముందు పోపు చిటపటలాడినట్టు చప్పుడు. దాని వెనక నుంచి ఊపిరాడని తొందరతో, లీనో గొంతులోనే ఒక ఇల్లాలి మాట. మిసెస్ కెల్లీ మీకు తెలుసు కదా, తెలియకుండా ఎలా ఉంటుంది అని అడిగిందే అడుగుతూ, చెప్పాల్సిన సంగతిని పక్కన పడేస్తుంది. మా వీధి అరుగు మీద చిన్నప్పుడు విన్న మాటతీరే అది. అప్పట్లో రికార్డింగుకు మైకులు లేవు. గొంతును ప్లేటుకెక్కించే బాకా ముందు నిలబడి, నవ్వే జనం ఎదుట లేకుండా, రెండు మూడు నిమిషాల్లో ముగించాలి. 1880లోనే చెక్క అడుగుల బూట్ల నృత్యంలో ప్రపంచ విజేత అనిపించుకుని, లండన్‌లోని డ్రూరీ లేన్ నాటకశాలలో ఏటేటా ముఖంతో, కాళ్లతో నవ్వించిన మనిషికి అదెంత కష్టమో ఆలోచించండి. కాళ్లు ప్లేటుకెక్కవు. గొంతు ఎక్కింది. అదీ లేదంటే ఎలా?

అదే కంపెనీ 1902లో కలకత్తా వచ్చి గాయని గౌహర్ జాన్ పాటలు రికార్డు చేసుకుని వెళ్లింది. ఆ కాలపు ప్లేట్లకు వాడిన లక్క ఎక్కువగా మన దేశానిదే. అయినా ప్లేటు విలువ మనకు తెలియదు. మా నాన్నగారి పెట్టెలోని నలభై రెండు నాటక పద్యాల ప్లేట్లను పదకొండేళ్ల క్రితం ఒక ప్రభుత్వ గ్రంథాలయానికి ఇచ్చాను. పోయిన ఏడాది వెళ్లి చూస్తే పెట్టె వరండాలో విరిగిన కుర్చీల కింద ఉంది. ఎండకు ప్లేట్లు అప్పడాల్లా వంకర తిరిగాయి. జాబితా అయినా రాయలేదు. అధికారి మారారని ఒకరు, నిధులు లేవని ఇంకొకరు చెప్పారు. కాగితం మీద పేర్లు రాయడానికి నిధులెందుకు?

వారి సంగతి వారికే వదిలేస్తాను. మీరు మాత్రం వచ్చే ఆదివారం అదే అనుబంధంలో, అందరికీ కనబడే చోట, డాన్ లీనో రికార్డులు ఉన్నాయని, ఏ ఏళ్లవో కూడా రాయండి. ఆ వ్యాసం చదివి, ఇక వినడానికి ఏమీ లేదనుకున్న పిల్లలకు అది చేరాలి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, కాకినాడ