ఇరవై ఒకటో ఏట తెడ్డు పట్టిన హెలెన్

ఒరేయ్ మురళీ,

ఇరవై దాటాక కొత్త ఆట మొదలుపెట్టి ఒలింపిక్స్ దాకా వెళ్లడం జరిగే పని కాదని పోయిన ఉత్తరంలో తేల్చిపారేశావు. ఫోనులో అయితే నన్ను నోరెత్తనివ్వవు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను, చివరిదాకా చదువు.

హెలెన్ గ్లోవర్ పేరు విన్నావా? బ్రిటన్‌లోని కార్న్‌వాల్ అమ్మాయి. 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఆతిథ్య దేశానికి తొలి స్వర్ణం తెచ్చిన ఇద్దరిలో ఒకరు. రోయింగ్, అంటే తెడ్లతో పడవ నడిపే పందెం, నేర్చుకోవడం మొదలుపెట్టింది 2008లో. అంటే నాలుగేళ్లలో ఓనమాల నుంచి ఒలింపిక్ స్వర్ణం దాకా.

2007లో యూకే స్పోర్ట్ అనే సంస్థ ఒక పిలుపునిచ్చింది. పదహారు నుంచి ఇరవై ఐదేళ్ల లోపు వయసుండి, మంచి పొడవుండి, ఆటల్లో కాస్త రాటుదేలినవాళ్లు కావాలని. వరుసగా ఐదు ఒలింపిక్స్‌లో రోయింగ్ స్వర్ణాలు గెలిచిన స్టీవ్ రెడ్‌గ్రేవ్ ఆ ప్రచారానికి ముందు నిలిచాడు. ఆడవాళ్లకు కనీస ఎత్తు ఐదడుగుల పదకొండు అంగుళాలు. హెలెన్‌కు ఒక అంగుళం తక్కువ. కొలిచేటప్పుడు మునివేళ్ల మీద నిలబడ్డానని తర్వాత తనే నవ్వుతూ చెప్పుకుంది. ఎంపికల సమయంలో ఎవరో, ఈ గదిలో ఉన్నవాళ్లలోనే 2012 స్వర్ణ విజేత ఉండవచ్చు, ఒకసారి చుట్టూ చూసుకోండి అన్నారట. ఆ మనిషి నేనే కావాలి అనుకుందట ఈవిడ. గుండె ధైర్యం చూడు!

అయితే నీ మాటలో సగం నిజం ఉందని ఒప్పుకుంటాను. రోయింగ్ కొత్త గానీ ఆటలు ఆమెకు కొత్త కాదు. క్రాస్ కంట్రీ పరుగులు, హాకీ, ఈత అన్నిట్లో ఒళ్లు వంచింది. వ్యాయామ ఉపాధ్యాయురాలిగా కూడా పనిచేసింది. ఊపిరితిత్తులూ తొడలూ ముందే తయారై ఉన్నాయి. పడవ నేర్పితే చాలని ఎంపికదారులు వేసిన లెక్క అది.

కానీ ఆ నేర్పడమే అసలు గండం. రేసు పడవలో సీటు చక్రాల మీద ముందుకూ వెనక్కూ జరుగుతుంది, పాదాలు మాత్రం ఒక పలకకు బిగించి ఉంటాయి. కొత్తగా ఎక్కినవాళ్లు చేతులతో లాగుతారు. బలమంతా రావలసింది కాళ్లలోంచి. ముందు కాళ్లతో తన్నాలి, ఆ తర్వాత నడుము వెనక్కి వాల్చాలి, ఆఖరున చేతులు. తిరిగి వచ్చేటప్పుడు వరుస తలకిందులు: చేతులు, నడుము, మోకాళ్లు. తెడ్డు ఆకును పైకి తీయగానే నీటికి సమాంతరంగా తిప్పాలి. అది సమయానికి బయటికి రాక నీళ్లలో ఇరుక్కుందా, పిడి ఎదురొచ్చి పొట్టలో పొడుస్తుంది. వీటన్నిటికంటే నాకు వింతగా తోచింది ఇంకొకటి. తెడ్డు గాలిలో ఉన్నప్పుడు ఆత్రంగా సీటును ముందుకు జరుపుకుంటే, ఆ ఊపును ఆపుకోవడానికి కాళ్లు పలకను నెట్టేస్తాయి, అంతవరకూ కష్టపడి తెచ్చుకున్న వేగం అక్కడే చచ్చిపోతుంది. అందుకే వెనక్కి లాగేటప్పుడు ఎంత కసి ఉన్నా ముందుకు వచ్చేటప్పుడు నిదానించాలి. రెండు కిలోమీటర్ల రేసులో రెండు వందలకు పైగా తెడ్డు వేటు వేస్తూ, గుండె గొంతులోకి వచ్చినా ఆ నిదానం చెడకూడదు.

హెలెన్ ఎక్కింది ఇద్దరి పడవ. ఒక్కొక్కరికి ఒక్క తెడ్డే, ఒకరిది ఎడమ, ఒకరిది కుడి. చుక్కాని చూసి అరిచే మనిషి ఉండడు. గమ్యం వీపు వైపు ఉంటుంది. పడవ కనీస బరువు 27 కిలోలు. ఒకరు కాస్త గట్టిగా లాగితే చాలు, ముక్కు పక్కకు తిరిగిపోతుంది. రోయింగ్ మెషీన్ మీద ఎవరి బలం ఎంతో అంకెల్లో తేలుతుంది గానీ ఇద్దరికీ జోడీ కుదురుతుందో లేదో ఏ యంత్రమూ చెప్పదు. ఆమెకు దొరికిన జోడీ హెదర్ స్టానింగ్, సైన్యంలో అధికారి. నన్నడిగితే ఈ కథలో అదృష్టం ఏదైనా ఉందంటే అదే. ఇద్దరినీ మలిచిన కోచ్ రాబిన్ విలియమ్స్.

2010 ప్రపంచ పోటీల్లో రజతం. 2011లో స్లొవేనియాలోని బ్లెడ్ సరస్సు మీద మళ్లీ రజతమే, న్యూజిలాండ్ చేతిలో సెకనులో వందో వంతులు ఎనిమిదింటి తేడాతో! నేనైతే తెడ్డు విరిచి పొయ్యిలో పెట్టేవాణ్ణి. వీళ్లు మరుసటి ఏడాది ఆగస్టు 1న, లండన్ ఒలింపిక్స్ రోయింగ్ జరిగిన ఈటన్ డోర్నీలో, ఫైనల్లో మొదటినుంచీ ముందుండి 7 నిమిషాల 27.13 సెకన్లలో గెలిచారు. బ్రిటన్ మహిళల రోయింగ్‌కు అదే తొలి ఒలింపిక్ స్వర్ణం. అదే నీళ్ల మీద హీట్స్‌లో, అంటే తొలి రౌండు పోటీల్లో, 6 నిమిషాల 57.29 సెకన్లలో వచ్చి ఒలింపిక్ రికార్డు కొట్టారు. ఫైనల్లో అరనిమిషం ఎక్కువ పట్టిందేమని కంగారుపడకు. ఈ ఆటలో ఎదురుగాలి వీస్తే గడియారాన్ని ఎవరూ పట్టించుకోరు, పక్క పడవ ఎక్కడుందన్నదే లెక్క.

తర్వాతి సంగతులు గబగబా చెప్పేస్తాను. స్టానింగ్ సైన్యానికి తిరిగి వెళ్లి అఫ్గానిస్తాన్‌లో పనిచేసింది. ఆలోగా హెలెన్ పాలీ స్వాన్‌తో కలిసి 2013 ప్రపంచ స్వర్ణం గెలిచింది. స్టానింగ్ తిరిగొచ్చాక 2014, 2015 ప్రపంచ టైటిళ్లు, 2016లో రియో స్వర్ణం. అక్కడితో ఆగి పెళ్లి, ఒక బాబు, ఆ తర్వాత కవలలు. లాక్‌డౌన్‌లో ఇంట్లోనే మెషీన్ మీద సాధన మొదలుపెట్టి, ముగ్గురు పిల్లల తల్లిగా టోక్యోలో పాలీ స్వాన్‌తోనే దిగి నాలుగో స్థానంలో నిలిచింది. 2024 పారిస్‌లో, ముప్ఫై ఎనిమిదేళ్ల వయసులో, నలుగురి పడవలో రజతం. నెదర్లాండ్స్‌తో తేడా అర సెకను కూడా లేదు.

వీలైతే రియో ఫైనల్ వీడియో చూడు. తెడ్లు నీళ్లలోకి దిగే చోట కన్ను నిలిపి, ఇద్దరిలో ఎవరు ముందు వేస్తున్నారో కనిపెట్టగలిగితే నాకు రాయి. నా వల్ల కాలేదు. ఇంట్లో అందరినీ అడిగానని చెప్పు.

ఇట్లు,
నీ శ్రీను