అన్నయ్యకి, చెరువు గట్టు మీద లైటు గురించి

హ్యూస్టన్,
మే 2025

అన్నయ్యా,

నువ్వు వాట్సాప్‌లో పంపిన టార్చిలైటు ఫోటో చూశాను. డబ్బా మీద 10,000 ల్యూమెన్లు అని బంగారు రంగు అక్షరాలు, లోపల పట్టేవి మాత్రం రెండు పెన్సిల్ సెల్లు. "ఇలాంటిదే కాస్త మంచి కంపెనీది అక్కడి నుంచి పంపు" అన్నావు. లైటయితే పంపుతున్నాను గానీ ఇలాంటిది కాదు. ఎందుకో ఫోన్లో చెబుదామంటే నీకు ఎప్పుడూ రొయ్యల మేత టైమో, చెరువు నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్ మెకానిక్కో అడ్డం. అందుకని ఉత్తరం. తీరిగ్గా చదువుకో.

ల్యూమెన్ అంటే వెలుగు కొలత, ముందు ఆ పదివేల సంగతి తేల్చేద్దాం. మన హాల్లో పెట్టిన తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బు డబ్బా ఉంటే తిప్పి చూడు. 900 ల్యూమెన్లో, ఆ దరిదాపుల్లో ఏదో రాసి ఉంటుంది. అంటే వాటుకి వంద. టార్చిలో వేసే మంచి ఎల్‌ఈడీ కూడా రమారమి ఆ లెక్కలోనే వెలుగుతుంది. అలా చూస్తే పదివేలు రావాలంటే వంద వాట్లు కావాలి. ఇటు సెల్లేమో, మంచి రీచార్జబుల్‌దైనా 1.2 వోల్టులు, 2000 ఎంఏహెచ్. ఒక్కోదాంట్లో ఉండేది 2.4 వాట్-అవర్లు, రెండూ కలిపితే ఐదుకి కాస్త తక్కువ. వంద వాట్లు లాగితే మూడు నిమిషాలు కూడా రాదు, అసలు ఆ బుల్లి సెల్లు అంత కరెంటు ఇవ్వనే ఇవ్వవు. మేత బస్తా మీద రాసిన ప్రోటీన్ శాతాన్ని నమ్మకుండా గుప్పెడు తీసి నీళ్ళలో వేసి చూసేవాడివి, ఈ డబ్బా దగ్గర ఎలా పడిపోయావో నాకు అర్థం కాలేదు.

రెండు పెన్సిల్ సెల్లతో నిజాయితీగా వచ్చేది మూడు వందల నుంచి ఐదు వందల ల్యూమెన్లు. అదీ ఫుల్లు మీద పెడితే గంటలోపే. తగ్గించి వంద దగ్గర పెట్టుకుంటే నాలుగు గంటల దాకా లాగుతుంది. గట్టు మీద నడవడానికి ఆ వంద చాలు. కట్లపాము అడ్డం పడుకుందా లేదా చూసుకోవడానికి ఐదు వందలు అక్కర్లేదు, కాలి ముందు నాలుగు గజాలు సమంగా వెలగాలి, అంతే.

"లిథియం సెల్లు వేసే లావుపాటి టార్చి కొంటే పోలా?" అని మీ బావ కూడా అన్నాడు. వెలుగు విషయంలో అది ఎక్కువే, కాదనను. కానీ ఆ సెల్లు ఆకివీడులో ఏ కిరాణా కొట్లో దొరుకుతాయి? ఆన్‌లైన్లో దొరికే వాటి మీద 9900 ఎంఏహెచ్ అని రాసి అమ్ముతున్నారు, ఆ సైజులో నిజంగా 3500 దాటడమే గగనం. పైగా విడి లిథియం సెల్లు చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టనివ్వరు, చేతి బ్యాగులోనే తేవాలి. పెద్దవాళ్ళతో పంపిస్తూ వాళ్ళకి ఆ తలనొప్పి ఎందుకు?

ఇంకో కారణం నేను ఇక్కడ కళ్ళారా చూశాను. నిరుడు జూలై 8న బెరిల్ తుఫాను మాటగోర్డా దగ్గర తీరం దాటి నేరుగా మా మీదకి వచ్చింది. మొదటి రకం తుఫానే, మన వైపు అయితే "ఓ మోస్తరు" అంటాం. అయినా హ్యూస్టన్ చుట్టుపక్కల 22 లక్షల కనెక్షన్లకి పైగా కరెంటు పోయింది, కొన్ని పేటలకి వారం దాటినా రాలేదు. ఎండాకాలం, ఏసీ లేదు, పెట్రోలు బంకుల దగ్గర బారులు. షాపుల్లో మొదట ఖాళీ అయినవి లావుపాటి టార్చి బ్యాటరీలు. యూఎస్‌బీతో చార్జి చేసే లైట్లున్న వాళ్ళు కారులో కూర్చుని చార్జి పెట్టుకున్నారు. మా ఇంట్లో మాత్రం టీవీ రిమోటు, గోడ గడియారం, పిల్లల బొమ్మ కార్లు అన్నీ విప్పితే డబ్బాడు పెన్సిల్ సెల్లు తేలాయి. చిన్నాడు ఇప్పటికీ తన బొమ్మ రైలు సెల్లు అప్పు అనే అంటాడు. నువ్వు అడిగింది కూడా మామూలు సెల్లతో నడిచే లైటే కాబట్టి, ఆ మాట వరకు నీ ఆలోచన కరెక్టే.

ఇప్పుడు దూరం సంగతి. డబ్బా మీద ఉండే అంకెల్లో నీకు ల్యూమెన్ల కన్నా మీటర్లు ముఖ్యం. ఐదెకరాల చెరువు నలుచదరంగా ఉంటే ఈ గట్టు నుంచి ఆ గట్టుకి 140 మీటర్ల పైమాటే. ఎఫ్‌ఎల్1 అని అమెరికాలో ఒక ప్రమాణం ఉంది, 2009లో వచ్చింది. దాని ప్రకారం డబ్బా మీద 200 మీటర్లు అంటే, అంత దూరంలో పున్నమి వెన్నెలంత వెలుతురు పడుతుందని. వెన్నెల్లో మనిషి ఉన్నాడని తెలుస్తుంది గానీ ఎవడో తెలియదు. సగం దూరానికి వస్తే నాలుగు రెట్లు వెలుతురు, అక్కడ సుబ్బరంగా కనిపిస్తుంది. అదే ప్రమాణంలో "8 గంటలు" అని ఉంటే, వెలుగు మొదటి దాంట్లో పదో వంతుకి పడిపోయేదాకా పట్టే టైము అన్నమాట. చివరి గంటల్లో అది మిణుగురే. అందుకే వెలుగు పడిపోకుండా నిలబెట్టే సర్క్యూట్ ఉన్నది చూశాను. అలాంటివి సెల్లు అయిపోయేదాకా ఒకేలా వెలిగి, చివర్లో ఒక్కసారి తగ్గుతాయి. అందుకని ముందే పెట్టుకో, ఇంకో జత సెల్లు జేబులో ఉండాల్సిందే.

అసలు నీకు రెండు లైట్లు కావాలి, ఒకటి కాదు. తెల్లారుజామున మూడింటికి డీవో, అదే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, పడిపోయి రొయ్య పైకి తేలిందా లేదా చూడ్డానికి, ఆగిన ఏరేటర్ ఏదో కనిపెట్టడానికి దూరం కొట్టేది. రొయ్య మేత తిన్నదో లేదో తెలిపే చెక్ ట్రే ఎత్తి చూడ్డానికి తలకి కట్టుకునేది. రెండు చేతులతో తాడు లాగుతూ నోట్లో టార్చి కరుచుకుని నిలబడ్డావు, ఆ వీడియో వదిన నాకు పంపింది. ట్రే దగ్గర వెలుగు ఎక్కువ అక్కర్లేదు, రంగు సరిగ్గా కనబడాలి. చవక లైట్ల నీలి తెలుపులో మేత నిండిన పేగూ, తెల్లబడ్డ పేగూ ఒకేలా ఉంటాయి, మొప్పలు నల్లబడుతున్నా తెలియదు. సీఆర్ఐ అని ఒక అంకె ఉంటుంది, అది 90 పైన ఉంటే రంగులు పగటి వెలుగులో లాగే కనిపిస్తాయి. తలలైటు అలాంటిదే తీసుకున్నాను. కొంచెం పసుపు ఛాయలో ఉంటుంది, "పాత బల్బులా ఉందే" అని పక్కన పడేయకు.

జూమ్ తిప్పే రకం కావాలన్నావు గానీ అది కొనలేదు. ముందుకి లాగే ఆ మూతిలోంచే నీళ్ళు దూరతాయి. సంకోచం లేకుండా చెబుతున్నా, ఆ రకం దండగ. నేను కొన్నది ఐపీఎక్స్8, చేతిలోంచి జారి చెరువులో పడ్డా దిగి తీసుకోవచ్చు. తీశాక ఉప్పునీళ్ళు కదా, మంచినీళ్ళతో కడిగి, తుడిచి పెట్టు.

సెల్లు. కిరాణా కొట్లో దొరికే చవక ఎర్ర సెల్లు జింక్-కార్బన్‌వి, గడియారానికి బాగుంటాయి. ఈ లైటులో ఫుల్లు మీద వేస్తే నిలబడవు, అవసరానికి వేసినా చిన్న వెలుగులో వాడు. ఆల్కలైన్ అంతకన్నా నయం, కానీ అయిపోయిన వాటిని లోపలే వదిలేస్తే కారి తెల్లటి పొడి కట్టి స్ప్రింగుని తినేస్తాయి. రోజూ వాడే నీకు రీచార్జబులే మేలు. ఎనెలూప్ రకం ఎనిమిది పెడుతున్నాను. సాన్యో వాళ్ళు 2005లో తెచ్చారు, ఇప్పుడు పానసోనిక్‌ది. చార్జి చేసి పక్కన పెట్టినా నెలల తరబడి దిగదు. చార్జరు మాత్రం అక్కడే కొను, ఇక్కడి పిన్నులు మన ప్లగ్గులో పట్టవు. ఒక్కో సెల్లుని విడిగా చూసుకునే రకం అని అడుగు, జతలుగా చార్జి చేసేది వద్దు. పాతవీ కొత్తవీ కలిపి వేయకు, నీరసంగా ఉన్నది ఎదురు చార్జి ఎక్కి పాడైపోతుంది. తాతయ్య సెల్లు ఎండలో పెట్టి ఇంకో రెండు రాత్రులు లాగించేవారు కదా, ఆ ఎర్ర సెల్లకి అది పనిచేసేది. వీటికి వేడి తగిలితే ఆయుష్షు తగ్గుతుంది. సూరిగాడికి ఈ మాట గట్టిగా చెప్పు, వాడు పాక కప్పు మీద ఎండబెట్టినా పెడతాడు.

మా పక్క అపార్ట్‌మెంటు వాళ్ళ అమ్మానాన్నలు నెలాఖరుకి భీమవరం వస్తున్నారు, వాళ్ళ చేతికిచ్చాను. అమ్మకి మోకాలి పట్టీ, వదినకి తను అడిగిన హ్యాండ్‌బ్యాగు కూడా అందులోనే ఉన్నాయి. వాళ్ళింటికి వెళ్ళి తెచ్చుకో, ఉత్తి చేతులతో మాత్రం వెళ్ళకు. ఆ పెద్దాయన ఆరు నెలలుగా ఇక్కడ ఐసు గడ్డ కట్టిన రొయ్యలు తిని విసిగిపోయి ఉన్నాడు. ముప్పై కౌంటువి, అదే కిలోకి ముప్పై తూగేవి, రెండు కిలోలు పట్టుకెళ్ళు.

నీ చెల్లి