ఉంగరం తీసి రాసుకోమన్న క్రీము

బుజ్జమ్మా,

ఆ క్రీము ఈ పూట నుంచే ఆపెయ్. పది రోజుల్లో ముఖం తేటపడిందని నువ్వు మురిసిపోతూ, "ఉంగరాలు, గొలుసు తీసి రాసుకోమని డబ్బా మీద ఉంది నాన్నా" అన్నావు చూడు, నా గుండె గుభేలుమంది. కంసాలిని కదా! బంగారానికి తగలకూడనిది ఏమిటో నాకొకరు చెప్పక్కర్లేదు. పాదరసం తగిలితే బంగారం తెల్లబడిపోతుంది.

మా తాత రాగి విగ్రహాలకు బంగారు పూత వేసేవాడు. బంగారాన్ని పాదరసంలో కలిపి ముద్ద చేసి, విగ్రహానికి రుద్ది కుంపటి మీద పెడితే, పాదరసం ఆవిరైపోయి పూత మిగిలేది. ఆ ఆవిరంతా ఆయన ఊపిరితిత్తుల్లోకే. చివరికి చేతులు వణికి పటకారు పట్టలేకపోయాడు. చిగుళ్లు వాచాయి, అయినదానికీ కానిదానికీ కోపం. వయసు మీద పడిందనుకున్నారు ఇంట్లో.

ఇలాంటి క్రీముల్లో కలిపేది పాదరసం లవణాలు. చర్మానికి రంగునిచ్చే మెలనిన్‌ను తయారు కానివ్వవు, అందుకే ఆ తెలుపు. చర్మంలోంచి ఒంట్లోకి దిగి కిడ్నీల్లో చేరతాయి. కేరళలో మలప్పురం జిల్లా కొట్టక్కల్ డాక్టర్లు 2023లో బయటపెట్టింది ఇదే. ఒక రకం కిడ్నీ జబ్బుతో వచ్చిన 15 మందిలో 13 మంది ఇలాంటి క్రీములు వాడినవాళ్లే. మానేశాక చాలామంది కోలుకున్నారు, కాబట్టి కంగారుపడకు.

మన దేశంలో 2020 నియమాల ప్రకారం, కంటికి రాసుకునేవి తప్ప మిగతా వాటిలో పాదరసం కిలోకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, అదీ పొరపాటున కలిసిందైతేనే. కంపెనీ పేరు, అడ్రసు లేని డబ్బాకు ఏ నియమం?

డబ్బా మీద కాలోమెల్, మెర్క్యురస్ క్లోరైడ్ అని ఉందేమో చూడు, రెండూ ఒకే పాదరసం లవణం పేర్లు. లేకపోయినా నమ్మకు. పారేయకుండా మూత బిగించి కవర్లో కట్టిపెట్టు, డాక్టరుకు చూపించాలి. నీ తువ్వాలు, దిండు గలీబు రూమ్‌మేట్లు వాడకుండా చూడు, తగిలితే వాళ్లకీ అంటుతుంది. మూత్రంలో నురగ వస్తోందా, కాళ్లు వాస్తున్నాయా? నిద్ర పట్టడం లేదన్నావు, పరీక్షల టెన్షనే అయ్యుండొచ్చు, అయినా డాక్టరుకు చెబుదాం. మూత్రంలో ప్రొటీన్, పాదరసం రెండూ పరీక్ష చేయించాలి. శనివారం పొద్దున బస్సుకు వస్తున్నా.

"సంబంధాలు చూసేలోపు కాస్త రంగు తేలాలి" అన్నది మీ పెద్దత్తే కదూ? ఆవిడ సంగతి నేను చూసుకుంటా.

నాన్న