సద్దుల బతుకమ్మ: ఈసారి అందరం ఒక్క బంతిలోనే భోజనం

అందరికీ నమస్తే!

సద్దుల బతుకమ్మ రోజు సాయంత్రం 5 గంటలకు మన అపార్ట్‌మెంట్ గేటు లోపలే ఆట. 7కు బతుకమ్మలను సాగనంపనీకి పద్మాక్షి గుట్టకు పోదాం. వచ్చినంక భోజనాలు.

ఈసారి మారేది ఒక్కటే. వాచ్‌మెన్ కుటుంబం, మెట్లు ఊడ్చే అక్క, చెత్త ఆటో తమ్ముళ్లు మనతోటే బంతిల కూర్చుంటరు. మనం తిన్నంక మిగిలింది కవర్ల కట్టి ఇచ్చుడు బంద్. చాయ్‌కి వేరే గ్లాసు పెట్టుడు అంతకన్నా ముందే బంద్. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది, 1955 నుంచి శిక్షలు వేసే చట్టం కూడా ఉంది. గ్లాసు ముచ్చట చిన్నదనుకోకండి.

వాచ్‌మెన్ వాళ్ల బతుకమ్మ కూడా నడుమనే పెడదాం, గేటు పక్కన కాదు. తంగేడు, గునుగు ఎక్కువ దొరికినోళ్లు వాళ్లకూ ఇయ్యండి.

పిల్లలకు చెప్పండి: "ఏయ్ వాచ్‌మెన్" కాదు, "తాతా" అనాలె. పెద్దలం మనమూ "అన్నా" అందాం. డాక్టరైనా, డిప్యూటీ కలెక్టరైనా లిఫ్ట్ ఆగితే అందరం పిలిచేది ఆయననే గదా!

పండుగ తెల్లారి చెత్త ఎక్కువుంటది. పగిలిన గాజు పేపర్ల చుట్టి వేరే ఇయ్యండి. ప్యాడ్లు, డైపర్లు చుట్టి ఇవ్వాలని ఘన వ్యర్థాల నిబంధనల్లనే ఉన్నది. సంచిల చెయ్యి పెట్టేది మనం కాదు, వాళ్లు.

ఇంటికో సద్ది: పెరుగు, నువ్వులు, పులిహోర, మలీద. ఏది చేస్తరో రెండు రోజుల ముందే ఇక్కడ రాయండి. పోయినేడు సగం ఇండ్లు పులిహోరే తెచ్చినయి!