అమ్మను మంచం దించు, సుజాతా

డబ్లిన్,
ఆదివారం రాత్రి

సుజాతకు,

ఫోన్లో చెప్పొచ్చు గదా, ఉత్తరం ఎందుకు వదినా అంటావు. ఫోన్ చేస్తే స్పీకర్ పెట్టేది మీ ఆయన, పక్కన కూర్చొని వినేది అమ్మ. నేనొక మాట చెప్పేలోపు ఆమె నాలుగు చెప్పి, "నేను బాగుండాను, నువ్వు బువ్వ తిన్నావా" అని పెట్టేస్తాది. అందుకే కాగితం మీద రాసి, ఫొటో తీసి నీ ఫోన్‌కు పంపిస్తా ఉండాను. అమ్మ కంట పడనీయొద్దు.

పిత్తాశయంలో రాళ్లకు ఆపరేషన్ అయినాక అమ్మను తిరుపతి నుంచి కారులో తెచ్చేటప్పుడు ఆమె పొట్ట మీద దిండు పెట్టి బెల్టు వేసినావంట, తమ్ముడు చెప్పినాడు. ఆ తెలివి నీదేనని నాకు తెలుసు. ఆ దిండు ఇంకో వారం ఆమె పక్కనే ఉండాల. దగ్గినా, తుమ్మినా, లేచేటప్పుడూ దాన్ని పొట్టకు అదిమి పట్టుకోమను. నాయన జోకులేస్తే అప్పుడు కూడా.

కుడి భుజం పీకతా ఉందని నిన్న ఏడ్చిందంట గదా. పొట్టలో కోస్తే భుజానికేమైంది, ఆపరేషన్ బల్ల మీద ఎట్ల పడేసినారో అని అనుమానం. ఎదురింటామె "గాలి పట్టింది" అనిందంట. ఆమెకు తెలియకుండానే నిజం చెప్పింది! చిన్న రంధ్రాల ఆపరేషన్లో లోపల కనబడాలని పొట్టను కార్బన్ డయాక్సైడ్‌తో బుడగలాగ ఉబ్బిస్తారు. మిగిలిన గ్యాస్ పైకి పోయి ఊపిరితిత్తుల కింది పొరను ఒరుసుకుంటాది. ఆ పొరకు పోయే నరం మెడలోనుంచి దిగేది, అందుకే నొప్పి భుజంలో తెలుస్తాది. రెండు మూడు రోజుల్లో అదే పోతాది. దానికి మందు నడకే.

ఈ ఉత్తరం రాసిందే ఆ నడక కోసం. మన ఊళ్లో సేవ అంటే మంచం మీదికే అన్నీ అందించడం. అమ్మ కూడా అట్లే ఎదురుచూస్తాది. పెద్దమ్మకు 1988లో ఇదే ఆపరేషన్ అయినప్పుడు డొక్క కింద జానెడు కోసి, నలభై రోజులు పడుకోబెట్టినారు. అమ్మ తలలో ఆ బొమ్మే ఉండాది. అప్పటికి మన దేశంలో ఈ పద్ధతి రాలేదు. 1990లో బొంబాయి జేజే ఆసుపత్రిలో డాక్టర్ ఉద్వాడియా మొదలుపెట్టినారు. ఇప్పుడు ఇక్కడ నేను నర్సుగా చేసే వార్డులో పొద్దున ఆపరేషన్ అయితే సాయంత్రానికి టీ, కాల్చిన బ్రెడ్డు ఇచ్చి, వరండాలో రెండు సార్లు నడిపిస్తాము. చాలామంది మరుసటి రోజుకు ఇంట్లో ఉంటారు.

కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు నేనూ తప్పు చేసినాను. ఒక ముసలామె నొప్పి అంటే జాలిపడి, రోజంతా లేపలేదు. అమ్మను చూసినట్టు చూసినాననుకున్నాను. మూడో రోజుకు జ్వరం, దగ్గు. నొప్పికి భయపడి పైపైన ఊపిరి తీస్తా పడుకుంటే కఫం అడుగున చేరి ఊపిరితిత్తులు పాడవుతాయి. కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం వేరే. ఆ ముసలామె కోలుకుని ఇంటికి పోయింది గానీ, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కాబట్టి గంటకొకసారి పది సార్లు గట్టిగా ఊపిరి తీయించు. ఇంట్లోనే రోజుకు ఐదారు సార్లు నడిపించు. వారం తర్వాత కట్టమంచి చెరువు దాకా పోనీ. తిట్టినా పట్టించుకోకు. కోడలు అత్తను లేపితే ఊరు ఏమంటాదో అని జంకుతావని నాకు తెలుసు. నా పేరు చెప్పు.

తిండి సంగతి. పిత్తాశయం తీసేస్తే ఇంగ అరగదు అని ఎవరో చెప్పినారంట. పైత్యరసం ఊరేది లివర్లో, రోజుకు అర లీటరు పైనే. పిత్తాశయంలో పట్టేది 30 నుంచి 50 మిల్లీలీటర్లు. చెరువు పూడ్చేసినారు, ఊట అట్లే ఉండాది. నీళ్లు ఆగకుండా నేరుగా కాలవలోకి పారతాయి, అంతే. అందుకే ఒక్కసారిగా నూనె, నెయ్యి పడితే కొన్నాళ్లు విరేచనాలవుతాయి. కొంచెం కొంచెంగా ఐదు సార్లు పెట్టు: ఇడ్లీ, రాగి జావ, పెసరపప్పు, సొరకాయ, బీరకాయ, పలచని మజ్జిగ. బలానికని పిన్ని పంపించే మటన్ పాయ నువ్వు తాగేసెయ్. సంగటిలోకి చెనిక్కాయల ఊరిబిండి అడుగుతాది, మూడు నాలుగు వారాలు ఆపు. తర్వాత గోరంత పెట్టి చూసుకుంటా పెంచు. జీవితమంతా పత్యం అక్కరలేదు. శనివారం ఒక్కపొద్దు మాత్రం మానిపించు, కడుపు ఖాళీగా ఉంచేది ఇప్పుడు మంచిది కాదు.

మాత్రలు నొప్పి ముదిరాక కాదు, చీటీలో రాసిన టైముకు ఇవ్వు. డోలో, కాల్‌పాల్ పేర్లే వేరు, మందు ఒకటే. రెండూ కలిపి వేయొద్దు.

కుట్లకు పసుపు, కొబ్బరి నూనె, ఏదీ రాయొద్దు. డాక్టరు సరేనన్నాక చెంబుతో పోసుకోవచ్చు, రుద్దకుండా మెత్తగా అద్దాల. నీళ్ల బిందె, గ్రైండర్ గిన్నె ముట్టనీయొద్దు. నాలుగు కిలోలు దాటింది ఏదీ వద్దు.

ఇది మాత్రం రెండు సార్లు చదువు. అమ్మ ముఖానికి పసుపు పూసుకుంటాది గదా, కాబట్టి కామెర్లు ముఖంలో తెలియవు. పొద్దున ఎండ వెలుతురులో కంటి తెల్లగుడ్డు చూడు. అది పచ్చబడినా, మూత్రం డికాషన్ రంగులో పోయినా, దొడ్డికి సుద్దమట్టి రంగులో అయినా, జ్వరం 100.4 దాటినా, పొట్ట నొప్పి తగ్గాల్సింది పెరిగినా, వాంతులు ఆగకపోయినా, ఒక పిక్క వాచినా, ఆయాసం వచ్చినా ఆగొద్దు. నాకు ఫోన్ తర్వాత, ముందు ఆసుపత్రికి. ఆయాసమైతే 108కే చెయ్. తీసిన పిత్తాశయాన్ని పరీక్షకు పంపించినారు గదా, ఆ రిపోర్టు తమ్ముడు మర్చిపోతాడు, నువ్వే అడిగి తెప్పించు.

ఆపరేషన్ బాగా జరిగితే అలిపిరి మెట్లు ఎక్కుతానని మొక్కుకుందంట. 3,550 మెట్లు! ఆరు వారాలన్నా కానీ, అదీ డాక్టరు ఒప్పుకుంటేనే. అంత తొందరైతే గుండు ముందు కొట్టించుకోమను, బస్సులో పోయి రావచ్చు, స్వామి ఏమీ అనుకోడు.

ఇంగొకటి. రాళ్లను సీసాలో వేసి ఇచ్చినారంట, మిరియాల్లాగ పదిహేడు. అమ్మ దాన్ని దిండు కింద పెట్టుకొని వచ్చినోళ్లందరికీ చూపిస్తా ఉండాదని పిలకాయలు చెప్పినారు. చూపించనీ. కానీ ఆ సీసా తీసి వీధి గది అలమారలో పెట్టు. ఎవరైనా వస్తే ఆమే లేచి పోయి తెచ్చుకోవాల, మళ్లీ ఆమే పెట్టి రావాల. రోజుకు పదిమందన్నా వస్తారు.

ఇట్లు,
నీ వదిన