తుపాకీకి గుమ్మం దగ్గరే అడ్డు ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో తుపాకీ ధరించడం రాజ్యాంగ హక్కే అయినా, ప్రజలు వచ్చిపోయే దుకాణంలోకి యజమాని స్పష్టమైన అనుమతి లేనిదే దానితో ప్రవేశించరాదని హవాయి రాష్ట్రం 2023లో చట్టం చేసింది. ఇది న్యాయమని నా దృఢ విశ్వాసం. మన దేశంలోనైతే ఆయుధం హక్కు కాదు, 1959 నాటి చట్టం కింద పొందే లైసెన్సు మాత్రమే. వేడుకల్లో నిర్లక్ష్యంగా కాల్పులు జరిపితే రెండేళ్ల వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా లేదా రెండూ ఉంటాయని 2019 సవరణ చెబుతున్నా, అది తూటా పేలిన తర్వాతి మాట. భీమవరం, అమలాపురం వంటి మన పట్టణాల్లో కల్యాణ మండపాల యజమానులు, వచ్చినవారు ఎంత పలుకుబడి గలవారైనా సరే, లైసెన్సు ఉన్న ఆయుధాన్ని సైతం లోపలికి రానివ్వబోమని అద్దె పత్రంలోనే షరతు రాయాలని, దానిని అమలుచేసే యజమానికి పోలీసులు అండగా నిలవాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, భీమవరం