వాలంటీర్లకు ముందు పని చెప్పండి, వేళకు అన్నం పెట్టండి

సంపాదకుల వారికి,

తిరుపతిలో జిల్లా మీట్ జరిగినా, అంతర్ విశ్వవిద్యాలయ పోటీలు జరిగినా వాలంటీర్ల విషయంలో ఒకటే తంతు. రెండు రోజుల ముందు కాలేజీలకు కబురు వస్తుంది: నలభై మందిని పంపండి, అటెండెన్స్ వేస్తాం, సర్టిఫికెట్ ఇస్తాం అని. పిల్లలు పొద్దున ఆరింటికే వచ్చి నిలబడతారు. ఎవరు ఏ పని చెయ్యాలో చెప్పే దిక్కుండదు. క్రీడాకారులు, కోచ్‌లు, అతిథులు తిన్నాక వీళ్ల వంతు వచ్చేసరికి మూడు దాటుతుంది, కూర అయిపోయి ఉంటుంది. రెండో రోజు సగం మంది రారు. ఈ కాలం పిల్లలకు సేవాభావం లేదని నిర్వాహకులు మైకు పక్కనే నిట్టూరుస్తారు. ఈ మాట మేం ఒప్పుకోం.

వాలంటీరు పనంటే మంచినీళ్లు అందించడమే అనుకునేవాళ్లు ఒక్కసారి హర్డిల్స్ (పరుగులో దూకి దాటే అడ్డుకర్రలు) దగ్గర నిలబడి చూడాలి. లేనుకు 10 చొప్పున ఎనిమిది లేన్లకు 80 హర్డిల్స్. మహిళల 100 మీటర్ల పోటీలో మొదటిది బయలుదేరే గీత నుంచి 13 మీటర్ల దూరంలో, ఆ తర్వాత ప్రతి 8.5 మీటర్లకు ఒకటి, ఎత్తు 83.8 సెంటీమీటర్లు. అది ముగిసి పురుషుల 110 మీటర్ల పోటీ మొదలయ్యేలోపు మొదటిది 13.72 మీటర్లకు, మిగతావి 9.14 మీటర్ల ఎడానికి జరగాలి, ఎత్తు 106.7 సెంటీమీటర్లకు పెరగాలి. సింథటిక్ ట్రాక్ మీద గుర్తులు ఉంటాయి గానీ, మట్టి ట్రాక్ మీద సున్నం గుర్తు రెండు హీట్లకే చెరిగిపోతుంది, మళ్లీ టేపు పట్టాల్సిందే.

అసలు తప్పు జరిగేది కింద ఉండే బరువుల దగ్గర. ఎత్తు మార్చినప్పుడు హర్డిల్ పాదాల మీది ఆ బరువుల్ని కూడా దానికి తగ్గ గుర్తుకు జరపాలి. పైబద్దను సుమారు 3.6 కిలోల బలంతో తోస్తే హర్డిల్ పడాలన్నది లెక్క. ఎత్తు పెంచి బరువు జరపడం మరిచిపోతే గాలికే పడిపోతుంది. ఎత్తు దించి బరువు జరపకపోతే కాలు తగిలినా పడదు, అమ్మాయి పడుతుంది. అంతకన్నా ప్రమాదం హర్డిల్‌ను వెనక్కు తిప్పి పెట్టడం. పాదాలు పరుగెత్తుకొచ్చేవారి వైపే ఉండాలి. దీనికి లేనుకు ఇద్దరు చొప్పున పదహారు మంది, కొలకర్రతో వెనకే నడిచే ఒక్కరు చాలు. ముందురోజు సాయంత్రం ఒక గంట చేయించి చూస్తే పది నిమిషాల్లో మార్చేస్తారు. చేయించకపోతే అరగంట పడుతుంది, ఈలోగా వార్మప్ చేసుకున్న పిల్లల ఒళ్లు చల్లబడిపోతుంది.

జావెలిన్ తెచ్చే కుర్రాడికైతే ముఖ్యమైన మాటలు రెండే: విసిరేవారికి వీపు చూపించకూడదు, జావెలిన్‌ను తిరిగి విసరకుండా మొన కిందికి పెట్టి నడిచి తేవాలి. స్టార్టు దగ్గర పరుగెత్తేవారు విడిచిన బట్టల బుట్టలు మోసే అమ్మాయికి లేన్ల వరస తప్పకూడదు. తప్పితే మూడో లేన్ ఫోను ఐదో లేన్ బుట్టలో తేలుతుంది, దొంగతనం మాట ఆమె మీదికి వస్తుంది. జాతీయ పోటీల్లో డోపింగ్ పరీక్షకు ఎంపికైన క్రీడాకారుడి వెంట ఉండే షాపరాన్ పని ఇంకా కట్టుదిట్టం. సమాచారం చెప్పిన క్షణం నుంచి పరీక్ష గదికి చేరేదాకా అతని మీదినుంచి చూపు తిప్పకూడదు, పతకం అందుకుంటున్నా సరే. తాగడానికి సీలు తీయని సీసాలు చూపించి అతన్నే ఎంచుకోమనాలి. మధ్యలో ఫోను చూసుకునే అలవాటున్న వారిని ఆ పనికి పెట్టకూడదు.

ఇంత జాగ్రత్తగా జీతం లేకుండా ఎందుకు చేస్తారు? 1998లో క్లారీ, స్నైడర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు, వారి సహచరులు స్వచ్ఛంద సేవకు కారణాలను ఆరు రకాలుగా విడదీశారు: నమ్మిన విలువ, నేర్చుకోవాలన్న కోరిక, చుట్టూ ఉన్నవారి స్నేహం, ఉద్యోగానికి పనికొస్తుందన్న ఆశ, మనసులోని బాధను మరిచిపోవడం, తన మీద తనకు గౌరవం పెరగడం. ఒకే మనిషిలో రెండు మూడు కలిసే ఉంటాయి. నిర్వాహకుడికి దీంతో పనేమిటంటే, దరఖాస్తులోనే ఎందుకు వస్తున్నావని అడిగి దాన్నిబట్టి పని ఇవ్వడం. ఆట మీద పిచ్చితో వచ్చినవాణ్ణి పార్కింగ్‌లో నిలబెడితే ఫైనల్ వేళకు అక్కడ ఉండడు, అది అతని తప్పూ కాదు. రెజ్యూమెలో రాసుకోవాలనుకునే ఎంబీఏ విద్యార్థికి రిజిస్ట్రేషన్ డెస్కు ఇవ్వండి, సర్టిఫికెట్‌లో ఆ పని పేరూ గంటలూ రాయండి. ‘పాల్గొన్నారు’ అన్న ఒక్క మాటతో ఇచ్చే కాగితం ఎందుకూ పనికిరాదు.

2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడలకు వాలంటీర్లుగా ఎంపికైన సుమారు 22,000 మందిలో దాదాపు 10,000 మంది ప్రారంభానికి ముందే తప్పుకున్నట్టు వార్తలొచ్చాయి. శిక్షణ సరిగా లేకపోవడం, ఇచ్చిన పని నచ్చకపోవడం కారణాలన్నారు. రెండేళ్ల తర్వాత లండన్ ఒలింపిక్స్‌లో 70,000 మంది పనిచేశారు, అందుకోసం దరఖాస్తు చేసినవారు సుమారు 2,40,000. అక్కడా జీతం లేదు, బస కూడా ఎవరిది వారే చూసుకున్నారు. కానీ అందరికీ కలిపి ఒక శిక్షణ, చేసే పని మీద ఒకటి, పనిచేసే వేదిక దగ్గర ఇంకొకటి ఇచ్చారు. యూనిఫారం, డ్యూటీ వేళ భోజనం, ఆ రోజుకు నగరంలో ప్రయాణ కార్డు ఇచ్చారు.

అంత దూరం ఎందుకు, కొండ మీద చూడండి. 2000లో మొదలైన శ్రీవారి సేవకు జనం సొంత ఖర్చుతో రైలెక్కి వస్తారు. వచ్చినవారికి బస, భోజనం, కండువా ఉంటాయి. క్యూ లైన్ల పనా, అన్నప్రసాదమా, కూరగాయలు తరగడమా అన్నది చోటు, వేళతో సహా ముందే తేలిపోతుంది. సేవ ముగిశాక దర్శనం ఉంటుంది. భక్తిని గ్రౌండులోకి తేలేం, నిజమే. కానీ డ్యూటీ చీటీ తేవచ్చు. ఫైనల్ రోజున వంతులవారీగా ఒక గంట కూర్చుని ఆట చూసే వీలూ కల్పించవచ్చు.

డబ్బు లెక్క కూడా చూద్దాం. 60 మంది, రోజుకు 8 గంటలు, 3 రోజులు అంటే 1,440 గంటలు. గంటకు 75 రూపాయలే కట్టినా 1,08,000 రూపాయలు. ఇందులో మూడో వంతు, అంటే మనిషికి 600 రూపాయలు వాళ్లకే ఖర్చు పెడితే ఒక టీషర్టు, మూడు రోజుల భోజనం వచ్చేస్తాయి. నాలుగు గంటలకోసారి డ్యూటీ మార్పిడి, ఎండలో నిలబడేవారికి టోపీ, ఓఆర్ఎస్ నీళ్లు కూడా తప్పనిసరి. ఇక్కడో మాట. సెక్యూరిటీ, పారిశుద్ధ్యం, కరెంటు పనులు వాలంటీర్లకు అప్పగించడం సేవ కాదు, కూలి ఎగ్గొట్టడం. టికెట్లు అమ్ముకుని లాభం తీసే పోటీలకు ఉచితంగా పిల్లల్ని పంపమంటే కాలేజీలు కాదనాలి.

జట్లను తీసుకురావడంలోనూ మన ఊరికి ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. ముంబయి–చెన్నై మార్గంలో చాలా రైళ్లు తిరుపతికి రావు, రేణిగుంటలోనే ఆగుతాయి. రాత్రి రెండింటికి అమ్మాయిల జట్టు రేణిగుంటలో దిగి, వాలంటీరు తిరుపతి స్టేషన్లో బోర్డు పట్టుకుని ఉంటే ఆ జట్టుకు ఆతిథ్యం మొదటి గంటలోనే చెడినట్టు. ఎంట్రీ ఫారంలో రైలు నంబరుతో పాటు దిగే స్టేషన్ పేరు విడిగా రాయించుకోవాలి. శని, ఆదివారాల్లో గదులు భక్తులతో నిండిపోతాయి కాబట్టి బసను నెల ముందే ఖాయం చేసుకోవాలి. తమిళం, కన్నడం వచ్చిన పిల్లలు చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ఊరూరా ఉన్నారు. చెన్నై, బెంగళూరు జట్లకు వాళ్లనే కేటాయిస్తే సగం గొడవలు డెస్కు దాకా రావు.

2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాద్‌లో జరగబోతున్నాయి. ఇప్పుడు ఇంటర్ చదివే పిల్లలు అప్పటికి అక్కడ పనిచేసే వయసుకు వస్తారు. ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం) విద్యార్థులు రెండేళ్లలో 240 గంటల సేవ ఎలాగూ చెయ్యాలి. గ్రౌండులో చేసిన గంటలను సంతకంతో అందులో కలిపితే కొత్తగా జీవో ఏదీ అక్కర్లేదు, కాలేజీలో ఎన్ఎస్ఎస్ చూసే ప్రోగ్రాం ఆఫీసరు, ఆటలు చూసే పీడీ (ఫిజికల్ డైరెక్టర్) ఒకచోట కూర్చుంటే చాలు. ఎస్వీ యూనివర్సిటీ, పద్మావతి మహిళా వర్సిటీ, జిల్లా క్రీడాధికారులు కలిసి ఒకే రిజిస్టరు పెట్టాలని మా విన్నపం. అందులో పేరు, ఫోను, వచ్చిన భాషలు, ఇంతకుముందు ఏ పోటీలో ఏ పని చేశారు, ప్రథమ చికిత్స నేర్చుకున్నారా, టీషర్టు సైజు రాసుకోవాలి. పోటీలు అయిపోయిన వారంలోపు ఎవరు మళ్లీ వస్తామన్నారో, రానన్నవారు ఎందుకు రానన్నారో కూడా అందులోనే రాయాలి.

ఇట్లు,
కొందరు విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయులు,
తిరుపతి